చలిపిట్ట శాంతి మండలం

తవిటినాయుడిది పెద్ద గొంతు. వాళ్ల ఊళ్లో వీధినాటకం ఆడే రోజుల్లో మైకు పాడైనా ప్రదర్శన ఆగేది కాదు. ఆయన రాక్షసుడి వేషం కట్టి తెర వెనక నుంచి ఒక్క గర్జన గర్జిస్తే పక్క ఊరి పశువులు పలుపుతాళ్లు తెంపుకునేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేరాక కూడా ఆ గొంతు తగ్గలేదు. ఆఫీసులో కూర్చుని "టీ" అంటే రోడ్డవతల హోటల్లో గ్లాసు కడిగేవారు. అలాంటి మనిషిని ప్రభుత్వం ఏరికోరి మంచుమెట్టకి శబ్ద నివారణాధికారిగా వేసింది.

మంచుమెట్ట ఘాట్ రోడ్డు ఆగిపోయే చోట ఉన్న చిన్న గిరిజన గ్రామం. ఊరికి పైన కాఫీ తోటలు, వాటికి పైన అడవి. ఆ అడవి మీద ఏడాదిలో సగం రోజులు మబ్బు కూర్చునే ఉంటుంది. ఆ మబ్బులో చలిపిట్ట ఉంటుంది. బొటనవేలంత పిట్ట. ఒళ్లంతా బూడిదరంగు, గొంతు దగ్గర మాత్రం ఇటుకపొడి అద్దినట్టు చిన్న మచ్చ. సన్నగా, తీగ సాగినట్టు ఈల వేస్తుంది. అది ఈల వేసిందంటే చలి ముదిరిందని ఊరివాళ్లు గొంగళ్లు తీస్తారు. అంతకుమించి ఆ పిట్టకీ ఊరికీ మధ్య వ్యవహారమేమీ లేదు. ఒకరి జోలికి ఒకరు పోకుండా తరాలుగా సుఖంగానే ఉన్నారు.

ఈ సుఖం పైవాళ్ల దృష్టికి వెళ్లింది.

ఒక పెద్దమనిషి రాజధాని నుంచి చలిపిట్ట పాట వినడానికి వచ్చాడు. ఎంత పెద్దవాడంటే ఆయన కోసం మబ్బుని కాసేపు పక్కకి జరపడం కుదురుతుందా అని కింది ఆఫీసులో అడిగారు. ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. పిట్ట కొమ్మ మీద కూర్చుని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గట్టు మీద మేక ఒకటి తుమ్మింది. పిట్ట ఎగిరిపోయింది. పెద్దమనిషి "ఏమిటయ్యా ఇక్కడ ఇంత గోల?" అని కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాట బల్ల నుంచి బల్లకి పాకుతూ లావెక్కి, నెల తిరిగేసరికి ఉత్తర్వుగా దిగింది. మంచుమెట్ట, పరిసర ప్రాంతములు ఇకపై 'చలిపిట్ట శాంతి మండలం'. పగలనక రాత్రనక గుసగుసకి మించిన ధ్వని ఏదీ, ఎవరూ, ఏ కారణం చేతనైనా చేయరాదు. అత్యవసరమైతే ప్రత్యేకాధికారి స్వహస్త సంతకంతో 'అరుపు అనుమతి' పొందవచ్చు.

ఆ ప్రత్యేకాధికారి డాక్టర్ పరాంకుశం. అంతకుముందు చేపల శాఖలో పనిచేశాడు. చేపలు అరవవు కాబట్టి నిశ్శబ్దంలో ఆయనకి విశేషానుభవం ఉందని పైవాళ్లు భావించారు. సన్నగా, శుభ్రంగా ఉండేవాడు. మడమలకి రబ్బరు వేయించిన బూట్లు, నడుముకి శబ్దాన్ని కొలిచే మీటరు. మొదటిరోజే తవిటినాయుణ్ణి పిలిచి చెవిలో చెప్పాడు.

"నాయుడు గారూ, ధ్వని అనేది ఒక సామాజిక దురలవాటు. దీన్ని దశలవారీగా నిర్మూలించాలి. మీ సహకారం ఆశిస్తున్నాను."

"అలాగేనండీ!" అన్నాడు తవిటినాయుడు.

మీటరులో ముల్లు చివరికంటా వెళ్లి కొట్టుకుంది. పరాంకుశం రెండు చెవులూ మూసుకుని, "ఇది మీకు మౌఖిక హెచ్చరిక" అన్నాడు.

ఊరి మొదట్లో బోర్డు పాతారు. పాతేటప్పుడు సమ్మెట దెబ్బలు పరిమితి దాటాయి. బోర్డు పాతిన ఇద్దరు కూలీల మీద శాంతి మండలంలో మొదటి కేసు నమోదయింది.

తర్వాత కోళ్ల వంతు వచ్చింది. సర్పంచి కిల్లో ముత్యాలమ్మ ఇంటికి ఇద్దరూ వెళ్లారు. ఆమె వాకిట్లో కూర్చుని అల్లం కడుగుతోంది. పక్కన పుంజు ఒకటి మెడ సాచి, తన మీద ఫైలు నడుస్తోందని తెలియక, హాయిగా కూసింది.

"మీ పుంజుని మైదాన ప్రాంతానికి బదిలీ చేస్తున్నామమ్మా" అన్నాడు పరాంకుశం గుసగుసగా.

"బదిలీయా? అదేం తప్పు సేసింది బాబూ?"

"శిక్ష కాదు. పరిపాలనా సౌలభ్యం నిమిత్తం."

"మరి పెట్టలు ఏటైపోవాల?"

"పెట్టల విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది."

ముత్యాలమ్మ తవిటినాయుడి కేసి చూసింది. "పొద్దు పొడిసిందని మాకెవులు సెప్తారు నాయుడు బాబూ? నువ్వొచ్చి కూస్తావేటి?"

తవిటినాయుడు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. దగ్గుకి మెమో వచ్చింది. ఊరికి మాత్రం 'మేలుకొలుపు సహాయకుడు' అని ఒక మనిషిని వేశారు. అతను తెల్లారుజామున ఇంటింటికీ వెళ్లి పడుకున్నవాళ్లని భుజం తట్టి లేపాలి. అయితే అతన్ని తట్టి లేపే పోస్టు మంజూరు కాలేదు. ఊరంతా బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది.

బడిలో ఎక్కాలు మనసులో చదువుకోమన్నారు. తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల్ని లేపి పదిహేడో ఎక్కం అడిగితే పెదవులు కదిపారు. తప్పు ఎక్కడా వినపడలేదు కాబట్టి బడి మొత్తం ఉత్తీర్ణమైంది, మాస్టారికి శాలువా కప్పారు. బస్సు డ్రైవరు ఆఖరి మలుపులో ఇంజను ఆపేసేవాడు. ప్రయాణికులు దిగి, చెప్పులు విడిచి, బస్సుని ఊళ్లోకి నెట్టుకొచ్చేవారు. దాన్ని పరాంకుశం నివేదికలో 'ప్రజా భాగస్వామ్యం' అని రాశాడు.

తవిటినాయుడి సంసారంలోకి కూడా శాంతి వచ్చి పడింది. కింద ఊళ్లో ఉన్న భార్య నూకరత్నం ఫోను చేసింది.

"ఏటి, గొంతలాగుంది?"

"ఏటీ నేదే. రూలు" అన్నాడాయన గుసగుసగా.

"ఎవులున్నారు నీ పక్కన?"

"ఎవులూ నేరే బాబూ."

"పెళ్లయిన కాడినుంచీ నువ్వు నాతో ఒక్కపాలైనా ఇంత మెల్లగ మాటాడినావా? ఎవర్తి అది? నిజం సెప్పు."

ఆయన ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ మండలం సరిహద్దు దాటి, కల్వర్టు మీద నిలబడి, "నూకరత్నం! నీ మీదొట్టు!" అని లోయ మారుమోగేలా అరిచాడు. అవతల ఆమె ప్రాణం కుదుటపడింది. "అదీ, మనిషన్నాక అలాగ మాటాడాల" అంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం డ్యూటీ దిగి కల్వర్టు దాకా నడిచి భార్యని కేకలేసి వచ్చేవాడు. రోజు మొత్తమ్మీద ఆయన మనిషిగా బతికేది ఆ కాసేపే.

ముత్యాలమ్మ మేనకోడలి పెళ్లి వచ్చింది. అరుపు అనుమతికి దరఖాస్తు పెట్టుకుంటే, 'వివాహం అత్యవసరం కాదు, వాయిదా వేసుకోదగినది' అని రాసి తిప్పి పంపారు. డప్పులవాళ్లు వచ్చారు. కర్ర డప్పుకి తగలకుండా గాల్లోనే ఆపి ఆపి కొట్టారు. ఆడవాళ్లు నడుముల చుట్టూ చేతులు పెనవేసి, ఆ కర్రల వంక చూస్తూ అడుగులు వేశారు. అప్పగింతల వేళ పెళ్లికూతురి తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. తవిటినాయుడు మీటరు పట్టుకుని పందిరి గుంజ పక్కన నిలబడ్డాడు. ఆ తల్లి ఎక్కిళ్లకి ముల్లు కొంచెం కదిలింది. ఆయన మీటరుని బోర్లించి జేబులో పెట్టుకున్నాడు. భోజనానికి కూర్చోమంటే ఆకలి లేదని చెప్పి వెళ్లిపోయాడు. వెళుతుంటే వెనక ముత్యాలమ్మ మాట వినపడింది. "సావింట్లో కూడా ఇంతకంటే సందడుంటాది."

వారం తిరగకుండా అసలు ఘోరం జరిగింది. ఒక ఉదయం ఆఫీసు కప్పు మీద నుంచి సన్నని ఈల వినిపించింది. బల్ల మీద పెట్టిన మీటరు పరిమితి దాటింది. పరాంకుశం బయటికి వచ్చి చూస్తే ఎవరూ లేరు. మంచులో ఏదో చిన్నది తుర్రుమంది.

"నిందితుడెవరు?" అన్నాడు.

"చలిపిట్టేనండి" అన్నాడు మేలుకొలుపు సహాయకుడు, అప్పుడే నిద్రలేచి.

పరాంకుశానికి ముచ్చెమటలు పట్టాయి. నిబంధనలో 'ఏదీ, ఎవరూ' అని ఉంది. మినహాయింపు లేదు. పిట్టని వివరణ అడగాలా, అడిగితే నోటీసు ఎక్కడ అంటించాలి, గూడు చిరునామా ఎవరి దగ్గరుంది? కింది ఆఫీసుకి రాశాడు. వాళ్లు పైకి రాశారు. పైనుంచి స్పష్టత వచ్చింది: 'చలిపిట్ట ఈ ఉత్తర్వు యొక్క లబ్ధిదారు. లబ్ధిదారు చేయు ధ్వనిని ధ్వనిగా పరిగణించరాదు.'

పరాంకుశం ఊపిరి పీల్చుకున్నాడు, పరిమితికి లోబడి.

ఇక ఇన్ని చర్యల ఫలితంగా పిట్టలు ఎన్ని పెరిగాయో లెక్క తీయాలి. శీతాకాలం మధ్యలో పరాంకుశం పై అడవికి బయలుదేరాడు. తవిటినాయుడు తోడు వస్తానన్నాడు.

"వద్దు. మీ శ్వాసే పరిమితికి దగ్గర్లో ఉంది" అన్నాడు పరాంకుశం. నడుముకి మీటరు కట్టుకుని, రబ్బరు బూట్లతో, పిల్లి నడిచినట్టు ఒక్కడే ఎక్కి వెళ్లాడు.

మధ్యాహ్నానికి మబ్బు దిగింది. చాచిన చెయ్యి కనపడని మబ్బు. భోజనం వేళ దాటింది, ఆయన రాలేదు. టీ వేళ దాటింది, రాలేదు. పై అడవిలో దారి పక్కనే నాలుగు చోట్ల చరియలు ఉన్నాయి. చీకటి పడితే అక్కడ చలికి మేకలే చస్తాయి.

తవిటినాయుడు కింది ఆఫీసుకి ఫోను చేశాడు.

"సార్ తప్పిపోయారండి. అరుపు అనుమతి కావాలండి" అన్నాడు గుసగుసగా.

"గట్టిగా చెప్పండి, వినపడటం లేదు."

"గట్టిగా చెప్పడానికే అనుమతి కావాలండి."

అవతలి గుమాస్తా కాగితాలు తిరగేసినట్టున్నాడు. "అది ప్రత్యేకాధికారి గారు స్వహస్తాలతో ఇవ్వాలండి."

"ఆయనే తప్పిపోయారండి."

"అయితే రాగానే సంతకం చేయించుకోండి."

"ఆయన రావడానికే కదండీ అరవాల!"

"ఆ ఇబ్బందిని కూడా రాసి పంపండి. పరిశీలిస్తాం."

చేసేది లేక తవిటినాయుడు, ముత్యాలమ్మ, ఊరివాళ్లు కొందరు వరసగా విడిపోయి మౌనంగా వెతకడానికి పైకెక్కారు. పరాంకుశం ఇదివరకే అందరికీ సంజ్ఞలు నేర్పి ఉన్నాడు. ఒక చెయ్యి ఎత్తితే 'నేనిక్కడ', రెండు చేతులు ఎత్తితే 'దొరికింది'. అందరూ క్రమశిక్షణగా చేతులు ఎత్తుకుంటూ మబ్బులో నడిచారు. ఎవరి చెయ్యి ఎవరికీ కనపడలేదు. కాసేపటికి మేలుకొలుపు సహాయకుడు కూడా తప్పిపోయాడు.

పొద్దు వాలుతోంది. చరియ అంచున తడిసిన రాయి మీద తవిటినాయుడు ఆగాడు. ముత్యాలమ్మ తడుముకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాయుడు బాబూ, నీ గొంతుంది కదా. ఓ కేకెయ్యి."

"నా ఉద్యోగం పోతాదమ్మా."

"ఆ మనిషి పోతాడు బాబూ" అంది ఆమె. "మా కోడిని అట్టుకెళ్లిపోనాడు. నా మేనకోడలు పెళ్లి సెడగొట్టినాడు. ఆడంటే నాకేం మోజు నేదు. కానీ ఆడికీ ఓ తల్లుంటాది కదా."

తవిటినాయుడికి పెళ్లిపందిట్లో కొంగు నోట్లో కుక్కుకున్న తల్లి కళ్ల ముందు మెదిలింది. ఇంకేమీ ఆలోచించలేదు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, రొమ్ము నిండా మబ్బు పీల్చి అరిచాడు.

"ఓ... సా...రూ...!"

నెలల తరబడి మింగిన మాటలన్నీ ఆ కేకలో కలిసి వచ్చాయి. ఆకుల మీది నీళ్లు జలజల రాలాయి. ఎదుటి కొండ ఆ కేకని తీసుకుని, బరువు మోయలేక తిరిగి ఇచ్చేసింది. ఊళ్లో కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి. కుక్కలు ఊళ్లో ఉన్న సంగతే అందరూ మరిచిపోయారు.

జవాబు ఆయన కాళ్ల కిందనుంచి వచ్చింది. ముందు పుటుక్కున వేరు తెగిన చప్పుడు. తర్వాత గావుకేక.

"ఓరి నాయుడూ! చచ్చానురోయ్!"

తవిటినాయుడు బోర్లా పడుకుని చెయ్యి చాచి, అంచు కింద రాతిచట్టు మీద నుంచి జారిపోతున్న మనిషి కాలరు పట్టుకుని పైకి లాగాడు. పరాంకుశం ఒళ్లంతా బురద, ఒక కాలు వాచిపోయింది.

"ఎంతసేపటి నుంచున్నారండి ఇక్కడ?"

"మధ్యాహ్నం నుంచి" అన్నాడు పళ్లు కొట్టుకుంటూ. "మీరు రెండుసార్లు నా నెత్తిమీదుగానే వెళ్లారు. నేను నిబంధనలకు లోబడి పిలుస్తూనే ఉన్నాను."

ముత్యాలమ్మ ఇంట్లో ఆయన్ని నెగడు పక్కన పడుకోబెట్టారు. వేడి అంబలి తాగించి, కాలికి పసుపు పట్టు వేశారు. ఆయన ముత్యాలమ్మ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు. అలవాటు కొద్దీ చప్పుడు రాలేదు. మేలుకొలుపు సహాయకుడు తనంతట తనే దిగివచ్చి, తనను ఎవరూ వెతకలేదని అలిగాడు.

తెల్లవారాక పరాంకుశం తవిటినాయుణ్ణి పిలిచాడు.

"నాయుడు గారూ, నా ప్రాణం కాపాడారు. జీవితాంతం మరిచిపోను. ఇదిగో మీ సస్పెన్షన్ సిఫార్సు. వ్యక్తిగతంగా తీసుకోకండి."

తవిటినాయుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కల్వర్టు దాకా నడిచి నూకరత్నానికి ఫోను చేసి సంగతి చెప్పాడు. అరిచి కాదు. మామూలుగా చెప్పాడు. "మనిషిని బతికించినావు. వచ్చీయ్. అన్నం తిందాం" అంది.

కానీ పద్ధతి ప్రకారం విచారణ జరగాలి. పదోన్నతి కోసం ఎదురుచూస్తున్న ఒక విచారణాధికారి వచ్చాడు. బడిలో కూర్చుని ఊరివాళ్లని ఒక్కొక్కరినీ పిలిచాడు. నాయుడు గారి అరుపు విన్నారా అని అడిగితే అందరూ తల అడ్డంగా ఊపారు. విచారణాధికారి చివరికి పరాంకుశం నడుముకున్న మీటరు తెప్పించి చూశాడు. ఆ సాయంత్రం రెండు పెద్ద ధ్వనులు మాటలతో సహా అందులో నమోదై ఉన్నాయి. మొదటిది చాలా పెద్దది. రెండోది దానికంటే చాలా చాలా పెద్దది. మీటరు కట్టుకున్న మనిషి దగ్గర్నుంచే వచ్చింది.

"మొదటిదానికి సస్పెన్షన్ అయితే, రెండోదానికి డిస్మిస్ చేయాల్సి వస్తుంది" అన్నాడు విచారణాధికారి. "ఈ రెండోది ఎవరు చేశారు సార్?"

పరాంకుశం ముఖం పాలిపోయింది. అప్పుడు ముత్యాలమ్మ లేచింది.

"అది పిట్ట కదా బాబూ."

"ఏది?"

"రెండూను. చలిపిట్ట. చలి ముదిరితే అలాగే కూస్తాది."

"'ఓరి నాయుడూ చచ్చానురోయ్' అని కూస్తుందా?"

"మాకలాగే ఇనపడతాది" అంది ముత్యాలమ్మ. ఊరంతా తల నిలువుగా ఊపింది.

విచారణాధికారి పరాంకుశం వైపు తిరిగాడు. "మీరు పక్షి నిపుణులు. మీ అభిప్రాయం?"

పరాంకుశం ఒకసారి తవిటినాయుణ్ణి చూశాడు, ఒకసారి తన ముప్పై ఏళ్ల సర్వీసుని చూసుకున్నాడు. "శాస్త్రీయంగా తోసిపుచ్చలేం" అన్నాడు.

లబ్ధిదారు చేసే ధ్వని ధ్వని కాదు కాబట్టి, ఆ సాయంత్రం మంచుమెట్టలో ఏ ధ్వనీ రాలేదని కేసు మూసేశారు. ఆ నివేదిక పైకి వెళ్లి సంచలనమైంది. ఇంత గొంతున్న పిట్టకి మనుషుల చప్పుడు ఒక లెక్కా అని శాంతి మండలాన్ని రద్దు చేశారు. డప్పులకి కర్రలు తగిలాయి. బస్సు హారను కొట్టుకుంటూ వచ్చింది. పుంజులు కూడా వెనక్కి వచ్చాయి, ముత్యాలమ్మది తప్ప. మైదానంలో దాన్ని ఎవరు, ఏ మసాలాతో చూసుకున్నారో తేలలేదు.

మాట్లాడే పిట్ట ఉందని తెలిశాక జనం ఊరుకుంటారా? పర్యాటకం మొదలైంది. కరపత్రం వేశారు. అందులో చలిపిట్ట కూత అచ్చంగా అచ్చువేశారు, చివర 'రోయ్' దీర్ఘంతో సహా. దూరాల నుంచి వచ్చి నిలబడినవాళ్లకి ఆ కూత వినిపించకపోతే ప్రభుత్వం పరువేం కావాలి? అందుకని 'క్షేత్రస్థాయి ధ్వని సమన్వయకర్త' అని కొత్త పోస్టు సృష్టించారు. ఆ పోస్టుకి కావలసిన అర్హత రాష్ట్రం మొత్తమ్మీద ఒక్కడికే ఉందని పరాంకుశం స్వయంగా సిఫార్సు రాశాడు. అది ఆయన తీర్చుకున్న రుణం.

ఆ విధంగా తవిటినాయుడు గొంగళి కప్పుకుని పై అడవిలో పొద వెనక కూర్చోవడం మొదలుపెట్టాడు. మొదట్లో సిగ్గనిపించింది. తర్వాత అలవాటైంది. "ఉజ్జోగం ఏటి?" అని ఎవరైనా అడిగితే నూకరత్నం గర్వంగానే "పిట్ట" అనేది.

ఒక ఉదయం రాజధాని నుంచి ఎవరో పెద్ద కుటుంబం వచ్చింది. పరాంకుశం వాళ్లని నిలబెట్టి ఉపన్యాసం ఇస్తున్నాడు. పొద వెనక తవిటినాయుడు ఊపిరి బిగించి సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు ఆయన ముక్కుకి మూరెడు దూరంలో, తడి కొమ్మ మీద ఏదో వాలింది. బూడిదరంగు, బొటనవేలంత. గొంతు మీద ఇటుకరంగు మచ్చ.

దీని పేరు మీద ఇన్నాళ్లు జీతం తీసుకున్నాడు గాని, దాన్ని చూడటం ఆయనకి అదే మొదటిసారి. అది ఆయన్ని లెక్కచేయలేదు. మచ్చ ఉబ్బింది. ఈల మొదలైంది. సన్నటి ఈల మబ్బులోకి సాగి, ఎక్కడో తెగబోయి, మళ్లీ అందుకుంది. తవిటినాయుడు కూయడం మరిచిపోయాడు. నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"ఏమండీ డాక్టరు గారూ" అంది బయట ఒకావిడ. "ఏదో పిట్ట కీచుకీచుమంటోంది. దాన్ని కాస్త తోలండి, అసలుది కూస్తే వినపడదు."

పరాంకుశం చప్పట్లు కొట్టి "ఉష్! ఉష్!" అన్నాడు. కొమ్మ ఖాళీ అయింది. కాసేపు ఏమీ వినపడలేదు. పరాంకుశం మెల్లగా పొద దగ్గరికి వచ్చి, "నాయుడు గారూ, కానివ్వండి. ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

తవిటినాయుడు ఇంకా ఆ కొమ్మనే చూస్తున్నాడు. కళ్లు తుడుచుకుని, కళ్లు మూసుకుని అరిచాడు.

"ఓరి నాయుడూ! చచ్చానురోయ్!"

కొండలు దద్దరిల్లాయి. వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎంత ఆర్తిగా ఉందండీ! పాపం, దానికేం కష్టం వచ్చిందో."

"కష్టం కాదమ్మా" అన్నాడు పరాంకుశం. "ఆనందం వచ్చినప్పుడు అది అలాగే కూస్తుంది."